ఊరి పేరులో మిగిలిన చేప

పొద్దున ఏడింటికి బావ మొదటిసారి రాడ్ ఊపితే దారం ముందుకు సాగలేదు. దారం దూరే తీగ కళ్ళన్నిటికీ మంచు కట్టేసింది. రాడ్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుని ఒక్కో కన్నూ ఊదుతూ, "ఒరే, చిన్నప్పుడు గోదాట్లో ఎన్ని గాలాలు వేశాను! ఎప్పుడూ ఇలా పిల్లనగ్రోవి వాయించాల్సి రాలేదు" అన్నాడు. నవ్వబోయాం కానీ చలికి పెదాలు సాగలేదు.

ఏప్రిల్ ఆఖరి శనివారం. మిషిగన్‌లో ట్రౌట్ వేట మొదలయ్యే రోజు. డెట్రాయిట్ పక్కనున్న నోవై నుంచి తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి, ఐ-75 మీద మూడు గంటలు ఉత్తరానికి పోయి, ఓ సాబుల్ అనే ఏటి ఒడ్డున తేలాం. నలుగురం. బావ ఎవరికీ బావ కాడు. రాజమండ్రి మనిషి, మాట వరస అలాంటిది, అందుకని అందరికీ బావ. డాక్టర్ గారికి పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయాక ఈ పిచ్చి పట్టింది. నాలుగోవాడు వరంగల్ కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు. ఊరి చెరువు ఎండాకాలం అడుగంటినప్పుడు వలలు లాగడం చూశాడు తప్ప వేరే వేట ఎరగడు. వాడికోసం అద్దెకి తెచ్చిన వేడర్స్‌కి (పాదాల నుంచి ఛాతీ దాకా ఒకటే రబ్బరు తొడుగు) ఎడమ మోకాలి దగ్గర చిల్లుందని నీళ్ళలో దిగాక గానీ తెలియలేదు.

ఫ్లై ఫిషింగ్‌లో వానపాము ఉండదు, పిండిముద్ద ఉండదు. చిన్న కొక్కేనికి కోడి ఈకలూ బొచ్చూ చుట్టి పురుగులా కడతారు. దానికి బరువుండదు కాబట్టి దారమే బరువుగా ఉంటుంది. ఆ దారాన్ని గాల్లో వెనక్కీ ముందుకీ ఆడించి, నిజం పురుగు వాలినంత మెల్లగా నీటి మీద వాల్చాలి. మన దగ్గర తొలకరికి ఉసిళ్ళు లేచినట్టు ఇక్కడ వసంతంలో ఏటి అడుగు నుంచి మేఫ్లైలు లేస్తాయి. అవి లేస్తే ట్రౌట్ పైకొస్తుంది. అవి లేవాలంటే నీళ్ళు కాస్త వేడెక్కాలి. ఆ పొద్దున నీళ్ళలో థర్మామీటర్ ముంచితే ఐదు డిగ్రీలు చూపించింది. తొమ్మిదింటికి వాయవ్యం నుంచి గాలి ఎత్తుకుంది, దాని వెంటే మంచు రవ్వ. దారం విసిరితే ఏటి మీద పడాల్సింది మన చెవికే చుట్టుకుంటోంది.

మేం దిగిన చోటు బర్టన్స్ లాండింగ్. అక్కణ్ణుంచి వేక్లీ వంతెన దాకా ఎనిమిది మైళ్ళ పాయని వేటగాళ్ళు 'హోలీ వాటర్స్' అంటారు. అక్షరాలా పుణ్యజలాలే. ఈ పాయలో ఫ్లై తప్ప మరో ఎర వెయ్యకూడదు, పట్టిన చేపని తిరిగి నీళ్ళలో వదలాలి. పదిన్నరకి బావ పాకుడు పట్టిన దుంగ మీద కాలేసి, జారి, మెడదాకా మునిగి లేచాడు. "పుష్కర స్నానం అయిపోయిందిరా" అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. డాక్టర్ గారు నవ్వలేదు. చన్నీళ్ళు మనిషిని ఎంత తొందరగా లోబరుచుకుంటాయో ఆయనకి తెలుసు. ఒడ్డుకి లాక్కెళ్ళి, బట్టలు మార్పించి, కారులో హీటర్ పెట్టి కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం దాకా నలుగురికీ కలిపి ఒక్క చేప తగల్లేదు. కారు డిక్కీ ఎత్తి దాని కింద నిలబడి, రేకు పొట్లాల్లో చల్లారిపోయిన పులిహోర తింటున్నాం. కుర్రాడు మేజోడు తీసి నీళ్ళు పిండుతూ అడిగాడు: "అన్నా, ఈ ఊరి పేరు గ్రేలింగ్ కదా. అది చేప పేరే అని వచ్చేటప్పుడు ఫోన్లో చూసిన. మరి ఆ చేప ఈడ ఎక్కడ దొరుకుతది?"

"ఇక్కడ దొరకదు. అలాస్కా పోవాలి."

"మరి ఊరికి ఆ పేరెందుకు పెట్టిన్రు?"

పులిహోర అయిపోయేలోగా చెప్పగలిగిన జవాబు కాదది. అయినా మొదలుపెట్టాను.

గ్రేలింగ్ ట్రౌట్ కుటుంబపు చేపే. మంచుయుగం సర్దుకుని ఉత్తరానికి తరలిపోయినప్పుడు, దాని వెంట పోకుండా మిషిగన్ చల్లటి ఏళ్ళలో ఆగిపోయింది. దాని తోబుట్టువులు పడమట మోంటానా కొండల్లోనూ ఉత్తరాన కెనడా, అలాస్కాల్లోనూ ఉన్నాయి. మధ్యలో వెయ్యి మైళ్ళకి పైగా ఒక్కటీ లేదు. అంత దూరంలో, ఇసుక నేలలోంచి ఊరే ఊటనీళ్ళని నమ్ముకుని వేల ఏళ్ళు బతికింది. మనిషి మోచేతి పొడవు కూడా ఉండదు. అడుగుంటే మంచి చేపని లెక్క. కానీ వీపు రెక్క తెరచాపలా లేచి ఉంటుంది. దాని మీద నీలం, గులాబీ చుక్కలు వరసలు తీరి ఉంటాయి. ఒళ్ళు వెండి; వెండి మీద నేరేడుపండు తిన్న నాలుకలాంటి పల్చటి ఊదా. లాటిన్‌లో దాని పేరు థైమాలస్. పట్టగానే చేతికి థైమ్ ఆకు వాసన వస్తుందని ఆ పేరు పెట్టారు. థైమ్‌లో ఉన్న ఘాటూ మన వాములో ఉన్న ఘాటూ ఒకటే. మనకి దొరికి ఉంటే వాముచేప అని పిలుచుకునేవాళ్ళం.

"చేపకి వాము వాసనా!" అన్నాడు బావ కారు అద్దం దించి. అతనిలో తిండి గురించి వినే చెవి ఎప్పుడూ చల్లబడదు.

ఈ నేల మీద ముందునుంచీ ఉన్న ఒడావా, ఒజిబ్వే జనం ఆ చేపని ఎరుగుదురు. పుస్తకాల్లోకి మాత్రం ఆలస్యంగా ఎక్కింది. 1865లో ఎడ్వర్డ్ కోప్ అనే శాస్త్రవేత్త మిషిగన్ గ్రేలింగ్‌ని వర్ణించి శాస్త్రీయ నామం పెట్టాడు. పదేళ్ళు తిరక్కుండా ఈ అడవిలోకి రైలొచ్చింది. కలప కోసం వచ్చిన రైలది. మొదట్లో క్రాఫర్డ్ అని పిలిచిన ఈ స్టేషన్, పక్కన ఏట్లో ఉన్న చేప సంగతి లోకానికి తెలిశాక గ్రేలింగ్ అయింది. బే సిటీ పెద్దమనిషి డేనియల్ ఫిట్జ్‌హ్యూ దాని గొప్ప నలుగురికీ చాటాడు. 1874లో ఫిలడెల్ఫియా నుంచి థాడియస్ నోరిస్ వచ్చాడు. ఆనాటి అమెరికా వేటగాళ్ళకి గురువులాంటివాడు. ఓ సాబుల్ గ్రేలింగ్ మీద ఆయన వ్యాసం 1879లో స్క్రిబ్నర్స్ పత్రికలో అచ్చయింది. చదివినవాళ్ళు రైలెక్కారు.

ఆ చేపకి అనుమానం తెలీదు. దాని కథలో నా గుండె ఆగేది ఇక్కడే. ట్రౌట్ మీద మన నీడ పడితే చాలు, వేరు కిందికి పోయి దాక్కుంటుంది; పొద్దున ఒకసారి మోసపోతే సాయంత్రం దాకా పైకి రాదు. గ్రేలింగ్ అలా కాదు. కొక్కెం తప్పిపోతే మళ్ళీ వచ్చేది. మళ్ళీ తప్పితే మళ్ళీ వచ్చేది. అప్పట్లో ఒకే దారానికి రెండు మూడు ఫ్లైలు కట్టేవాళ్ళు, అన్నిటికీ ఒకేసారి చేపలు తగిలిన రోజులున్నాయి. ఇరవై నాలుగు అడుగుల పొడుగూ, సన్నటి ఒళ్ళూ, అడుగు చదునూ ఉన్న పడవలు చేయించుకున్నారు. వెనక ఒకడు నిలబడి గడ వేస్తుంటే ముందు కూర్చున్నవాడు గాలం వేసేవాడు. చేపలు చావకుండా పడవలోనే నీళ్ళ తొట్టి ఉండేది. ఇంతే పట్టాలన్న లెక్క లేదు. తినగలిగినన్ని తిన్నారు, మంచుగడ్డల్లో పెట్టి షికాగోకీ డెట్రాయిట్‌కీ రైల్లో పంపారు, పంపగా మిగిలినవి ఒడ్డున పారబోసి పోయారు.

"మా దగ్గర పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు. పులస దొరక్క దానికా విలువ" అన్నాడు బావ. "దీనికి దొరకడమే శాపమైంది పాపం."

కానీ గాలం ఒక్కటే అయితే ఈ చేప ఎలాగో బతికి ఉండేదని నా నమ్మకం. ఏట్లో చేపలు తగ్గాక పట్టేవాడికి విసుగొస్తుంది, రైలు టికెట్టు దండగనిపిస్తుంది, మానేస్తాడు. మానని పని ఒకటి ఒడ్డున జరుగుతోంది. 1871లో షికాగో తగలబడింది. దాన్ని తిరిగి కట్టాలి. పడమటి మైదానాల్లో చెట్టు లేదు, అక్కడ కొత్తగా లేస్తున్న ఊళ్ళకి ఇళ్ళు కావాలి. 1870 నుంచి ఇంచుమించు శతాబ్దం చివరి దాకా కలపలో దేశానికి మొదటి రాష్ట్రం మిషిగనే. నరికింది ఎక్కువగా వైట్ పైన్. నిటారుగా పెరుగుతుంది, సులువుగా కోతకి లొంగుతుంది, అన్నిటికన్నా ముఖ్యం నీటి మీద తేలుతుంది. తేలుతుంది కాబట్టి ఏళ్ళన్నీ బాటలయ్యాయి. చలికాలమంతా చెట్లు కొట్టడం, నీళ్ళు పోసి గడ్డకట్టించిన దారుల మీద స్లెడ్జి బళ్ళలో దుంగల్ని ఏటి ఒడ్డుకి చేర్చి కొండల్లా పేర్చడం. వసంతంలో మంచు కరిగి ఏరు పొంగగానే కట్లు తెంచి దొర్లించడం.

గ్రేలింగ్ గుడ్లు పెట్టేది సరిగ్గా అప్పుడే.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సి వచ్చింది, కుర్రాడికి అర్థమయ్యేలా. బ్రూక్ ట్రౌటూ బ్రౌన్ ట్రౌటూ శీతాకాలం ముంగిట గుడ్లు పెడతాయి. తోకతో గులకరాళ్ళు తవ్వి గుంట చేసి, పెట్టి, మళ్ళీ రాళ్ళు కప్పుతాయి. గ్రేలింగ్ తవ్వదు. మంచు వదిలిన ఏప్రిల్‌లో, పారే నీళ్ళలో, గులకరాళ్ళ మీద ఊరికే వదిలేస్తుంది. ఆ గుడ్లకి కాస్త జిగురుంటుంది, రాళ్ళ సందుల్లో అంటుకుని రెండు మూడు వారాలు ఉంటాయి. తల్లి చేసే కాపలా అంతే. వేల ఏళ్ళు అది సరిపోయింది. అడవి నీళ్ళని పట్టి ఉంచిన ఏట్లో వసంతం కూడా అంత ఉధృతంగా రాదు. ఇప్పుడు అదే వారంలో, అదే రాళ్ళ మీద, వేలకొద్దీ దుంగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, అడుగు రాసుకుంటూ, మలుపుల్లో గుట్టలు పడుతూ, వాటిని విడదీయడానికి కొక్కేల గడలతో జనం తొక్కుతూ పోయారు. ఒక్క ఏడాది కాదు. ఒక తరం పొడుగూతా, ఏటేటా.

తర్వాత ఇసుక. ఓ సాబుల్ అంటే ఫ్రెంచిలో ఇసుకకి సంబంధించిన పేరే. ఇసుక ఏరు అనుకోవచ్చు. చెట్లున్నంత కాలం ఆ ఇసుక గట్టునే ఉంది. చెట్లు పోయాక గట్లు జారి ఏట్లోకొచ్చింది. దుంగల తాకిడికి పోని గుడ్లు ఉంటే వాటిని కప్పేసింది. నీడ పోయింది. ఎండ నేరుగా పడి నీళ్ళు వేడెక్కాయి. పడమటికి పారే మనిస్టీ ఏటి మొదట్లో డేవిడ్ వార్డ్ అనే కలప ధనవంతుడికి అప్పటికీ మిగిలిన గొప్ప పైన్ అడవి ఉండేది. 1900లో ఆయన పోయాడు. ఆస్తి పంచుకోవాలంటే అడవి డబ్బు కావాలి. 1901లో మిల్లు పెట్టారు, దాని చుట్టూ ఆయన పేరు కుదించి డేవార్డ్ అని ఊరు కట్టారు. 1912కల్లా కొట్టాల్సిన చెట్టు లేదు. మిల్లు ఆగింది, ఊరూ ఖాళీ అయింది. ఆ చోటికి నేను ఒకసారి వెళ్ళాను. నల్లగా మాడిన మొద్దులు గడ్డిలో ఇంకా ఉన్నాయి. వందేళ్ళ తర్వాత కూడా అక్కడ అడవి అనదగ్గది సరిగా రాలేదు.

ఇంతలో కొత్తవాళ్ళు దిగారు. 1876లో ఫిట్జ్‌హ్యూ గారే కాలిఫోర్నియా రెయిన్‌బో ట్రౌట్ పిల్లల్ని ఓ సాబుల్‌లో వదిలించాడు. గ్రేలింగ్‌ని అంతగా మెచ్చిన మనిషే! ఏట్లో మరో చేప కూడా ఉంటే మంచిదే కదా అనుకుని ఉంటాడు. 1880ల్లో బ్రూక్ ట్రౌట్‌ని తెచ్చి వదిలారు. బ్రౌన్ ట్రౌట్ కథ మా ఇళ్ళ దగ్గర మొదలైంది. 1883లో జర్మనీ నుంచి ఫాన్ బేర్ అనే బారన్ పంపిన గుడ్లలో కొన్ని నార్త్‌విల్ హేచరీకి చేరాయి. నోవైకి ఆనుకుని ఉన్న నార్త్‌విలే. మేం వారం వారం కూరగాయలకి పోయే దారి. అక్కడ పొదిగించిన పిల్లల్ని 1884 ఏప్రిల్‌లో పడమటనున్న పియర్ మార్కెట్ ఏటి ఉపపాయలో వదిలారు. అమెరికా ఏళ్ళలోకి బ్రౌన్ ట్రౌట్ రావడం అదే మొదలు.

"అంటే మనం పొద్దున్నుంచి వెతికేవన్నీ బయటినుంచి వచ్చినవేనా అన్నా?"

"అన్నీ."

"బ్రౌన్ ట్రౌట్ నయం" అన్నారు డాక్టర్ గారు. "గుడ్డుగా ఉండగానే గ్రీన్‌కార్డు వచ్చేసింది." కుర్రాడు హెచ్-వన్ లాటరీ ఫలితం కోసం ఎదురుచూస్తున్నవాడు, వాడి నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

నాకు బ్రౌన్ ట్రౌట్‌ని తిట్టబుద్ధి కాదు. అది తనంతట తాను రాలేదు. అదీ కాక, అది వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు చాలామంది అప్పటికే పోయారు, పైకప్పు ఎగిరిపోయింది, నేల నిండా ఇసుక. వేడికీ మురికికీ ఓర్చుకోగల మొండి చేప కాబట్టి నిలబడింది. కానీ మిగిలిన కొన్ని గ్రేలింగ్ పిల్లల్ని తిన్నదీ, వాటి చోటు ఆక్రమించిందీ ఈ కొత్త చేపలే. ఇంటి యజమాని లేచి వెళ్ళాక వచ్చి ఉన్నామా, ఉండగానే వచ్చామా అన్న ప్రశ్నకి ఈ ఏట్లో జవాబు రెండూను. నేను పదిహేనేళ్ళుగా పన్ను కడుతున్న నేల ఎవరిదో కూడా అప్పుడప్పుడు అలాగే గుర్తొస్తుంది, మళ్ళీ మర్చిపోతాను.

ఈ గాథలో నన్ను వదలని మనిషి విలియం మెర్షన్. సాగినా ఊరివాడు, కలప వ్యాపార కుటుంబంలో పుట్టినవాడు. కుర్రతనంలో గ్రేలింగ్ నిండిన ఏళ్ళలో గాలం వేశాడు. ఆకాశాన్ని కప్పేసే ప్యాసింజర్ పావురాల గుంపుల్నీ చూశాడు. రెండూ ఆయన కళ్ళ ముందే పోయాయి. 1907లో పావురం మీద పుస్తకం వేశాడు, కనిపించిన ప్రతి జ్ఞాపకాన్నీ పాత వేటగాళ్ళ దగ్గర అడిగి అడిగి కూర్చి. 1923లో తన యాభై ఏళ్ళ వేట, చేపల జ్ఞాపకాలు రాసుకున్నాడు. అందులో గ్రేలింగ్ ఉంది. ఆ చేప కోసం ఆయనంత బెంగపడినవాళ్ళు తక్కువ. ఆయనింటి అన్నం కలప పెట్టిన అన్నం. రెండూ నిజమే. ఆయన్ని వేషధారి అనడం తేలిక. నాకలా అనిపించదు. తెల్లవారి మూడున్నరకి మా నలుగురినీ ఇక్కడికి మోసుకొచ్చిన ఇంధనం ఏమిటో నాకు తెలుసు.

ఇంకొకాయన ఉన్నాడు, రాస్మస్ హాన్సన్. గ్రేలింగ్ ఊళ్ళోనే మిల్లు యజమాని. చుట్టుపక్కల పైన్ కోసి సంపాదించినవాడు. 1914లో, ముందుండి, ఊళ్ళో చేపల హేచరీ పెట్టించాడు. ఉద్దేశం గ్రేలింగ్‌ని ఏటికి తిరిగి తేవడం. ఆ ఏడాదే సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో మార్తా అనే ఆఖరి ప్యాసింజర్ పావురం చచ్చిపోయింది. హేచరీ బాగానే కట్టారు, తొట్లు, కాలవలు, అన్నీ. గ్రేలింగ్ మాత్రం ట్రౌట్‌లా పెంచితే పెరిగే చేప కాదు. చివరికి ఆ తొట్లలో ట్రౌట్‌నే పెంచి ఏళ్ళలో వదిలారు. చనిపోయినవాడి పేరు మీద కట్టిన సత్రంలో మిగతావాళ్ళు భోంచేసినట్టు.

1922లో, ఇక్కడికి పడమటగా మేఫీల్డ్ అనే ఊళ్ళో, లెనార్డ్ హాలడే అనే ఆయన తన మిత్రుడు చార్లెస్ ఆడమ్స్ కోసం ఒక ఫ్లై కట్టాడు. బూడిద రంగు ఒళ్ళు, గోధుమా బూడిదా కలిసిన ఈకలు. ఏ పురుగూ కాదు, ఏ పురుగైనా అనిపిస్తుంది. ఇవాళ ప్రపంచంలో ట్రౌట్ ఉన్న ప్రతి చోటా ఆడమ్స్ ఉంటుంది. మా నలుగురి డబ్బాల్లోనూ ఉంది. గ్రేలింగ్ ఎంత ఇష్టంగా వచ్చి ఉండేదో దానికి! ఆ ఫ్లై పుట్టేసరికి ఈ దిగువ ద్వీపకల్పపు ఏళ్ళలో దాన్ని అందుకోవడానికి ఒక్క గ్రేలింగ్ లేదు.

ఎగువ ద్వీపకల్పంలో, సుపీరియర్ సరస్సు వైపు, ఆటర్ అనే ఏట్లో మాత్రం కొన్ని మిగిలాయి. అక్కడా 1930ల్లో తగ్గిపోతూ పోయాయి. 1936 తర్వాత మిషిగన్‌లో పుట్టిన గ్రేలింగ్‌ని చూశామన్నవాళ్ళు లేరు. ఇంతకన్నా చెప్పడానికి లేదు అక్కడ. ఆఖరి పావురానికి పేరుంది, పోయిన చోటుంది, గాజు పెట్టెలో ఈకలున్నాయి. ఆఖరి గ్రేలింగ్‌కి ఏదీ లేదు. ఏ వేరు కిందో ఒక రాత్రి పక్కకి ఒరిగి ఉంటుంది.

తిరిగి తెచ్చే ప్రయత్నాలు ఆగలేదు. వేరే రాష్ట్రాల నుంచి తెచ్చారు, వదిలారు, పోయాయి. 1987 నుంచి 1991 దాకా పెద్ద ఎత్తున వదిలారు, నిలవలేదు. 2016లో లిటిల్ రివర్ ఒటావా తెగా రాష్ట్ర సహజ వనరుల శాఖా కలిసి కొత్తగా మొదలుపెట్టాయి. అలాస్కా నుంచి గుడ్లు తెచ్చి, ఇక్కడి హేచరీలో తల్లి చేపల్ని పెంచారు. 2025 మేలో సుమారు 4 లక్షల గుడ్లని మూడు తెగల చేతికిచ్చారు. వాళ్ళు ఏటి ఒడ్డునే, ఏటి నీళ్ళే పారే తొట్లలో వాటిని పెట్టారు, పిల్లలు కళ్ళు తెరిచినప్పుడు ఏ ఏటి రుచి ఒంటికి పట్టాలో ఆ ఏటి రుచే పట్టేలా. మనిస్టీ, మేపుల్, బోర్డ్‌మన్ ఏళ్ళవి. ఓ సాబుల్ ఆ జాబితాలో లేదు. ఊరి పేరు గ్రేలింగే.

"మల్ల వస్తయా అన్నా?"

"తెలీదురా. పిల్లలు పెద్దవై, అవి వసంతంలో వాటంతటవి గుడ్లు పెడితే వచ్చినట్టు. దానికి కొన్నేళ్ళు పడుతుంది."

కుర్రాడు ఇక మాట్లాడలేదు. తడి మేజోడే మళ్ళీ తొడుక్కున్నాడు.

నాలుగింటికి మంచు ఆగింది. గాలి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయినట్టు ఒక్కసారిగా పోయింది. మబ్బు అంచు చిరిగి పది నిమిషాలు ఎండ కాసింది. బావని కారులో వదిలి ముగ్గురం దిగాం. థర్మామీటర్ ఎనిమిది చూపించింది. ఏటి మీద ఒక హెండ్రిక్సన్ మేఫ్లై, రెక్కలు నిక్కించి, చిన్న పడవలా కొట్టుకుపోతూ కనిపించింది. కాసేపటికి ఇంకొకటి. గుంపులుగా కాదు. పెళ్ళికి రావలసిన జనంలో ఇద్దరు ముగ్గురే వచ్చినట్టు.

నేను నడుస్తున్న చోట అడుగు చక్కటి గులకరాళ్ళు. తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. గట్లు మళ్ళీ చెట్లతో నిండాయి, ఎందరో కూడి ఎన్నో ఏళ్ళుగా గట్లకి కట్టలు కట్టారు, ఇసుకని తోడారు. ఏరు తన రాళ్ళు తను తిరిగి తెచ్చుకుంది. ఏప్రిల్ ఆఖరి వారం, పారే నీళ్ళు, మోకాటి లోతు. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. కాలు ఎక్కడ వెయ్యాలో తోచక కాసేపు అక్కడే నిలబడ్డాను. లేని గుడ్లని తొక్కుతానేమోనని భయపడే మనిషి గురించి డాక్టర్ గారికి చెబితే ఏ మందు రాస్తారో! కాలు తీసి వేరే చోట వేస్తే చిన్న ఇసుక మబ్బు లేచి, రాళ్ళ మీదుగా సాగి, కింది మలుపు దగ్గర విడిపోయింది.

అవతల ఒడ్డున దేవదారు కొమ్మ కింద నీళ్ళు ముడుచుకుని విచ్చుకున్నాయి. మరోసారి. కుర్రాడికి చూపించాను. "ఆడమ్స్ కట్టుకో. దానికన్నా మూడడుగులు పైకి వెయ్యి. దారం లాగకు, ఏటినే మొయ్యనియ్యి." మొదటిసారి కొమ్మకి తగిలింది. రెండోసారి వాడి టోపీకి. మూడోసారి ఎలా పడిందో వాడికీ తెలీదు. బూడిద చుక్క ఒకటి నీళ్ళ మీద నిలబడి, మెల్లగా జరిగి, మాయమైంది. రాడ్ వంగింది. కుర్రాడు తెలుగులో అరవడం మొదలుపెట్టాడు. కారులోంచి హారన్ మోగింది.

పది అంగుళాల బ్రౌన్ ట్రౌట్. పసుపు పొట్ట, ఎర్ర చుక్కలు, చుక్కల చుట్టూ లేత వలయాలు. అందమైన చేపే, కాదనలేం. చేతులు తడుపుకుని పట్టుకోమన్నాను. కొక్కెం తీసి, ఏటికి ఎదురుగా పెట్టి, దాని మొప్పలు నెమ్మదించేదాకా ఆగి వదిలాడు. అది తొందరపడలేదు. తన ఇల్లు తనకి తెలిసినట్టు కొమ్మ నీడలోకి వెళ్ళిపోయింది.

కుర్రాడు లేచి రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి పీల్చి చూశాడు.

"వాము వాసన రాదన్నా."

నా చేతులు నేనూ చూసుకున్నాను. తడి రబ్బరు వాసన, దాని కింద పొద్దుటి పులిహోర ఇంగువ.